వాల్వు రేడియో బేరం

ఫిబ్రవరి 1, 2024, గురువారం

ఏడు వేలు చెప్పాడు. విశాఖ కురుపాం మార్కెట్ వెనక సందులో పాత కుర్చీలు, పందిరి మంచాలు, గోడ గడియారాలు అమ్మే దుకాణం. టేకు బీరువా నెత్తిన కూర్చుని ఉంది ఫిలిప్స్ రేడియో. ముందు గుడ్డ ఒక మూల చిరిగి వేలాడుతోంది. నాలుగు నాబుల్లో మూడే ఉన్నాయి, ఆ మూడింట్లో ఒకటి దానిది కాదు, ఏదో మిక్సీది. "ఆన్ చేసి సూపించీమంటారా సార్?" అంటూ వైరు తీసి ప్లగ్గులో గుచ్చబోయాడు. చెయ్యి పట్టుకుని ఆపాను.

ఏళ్ళ తరబడి నిద్రపోయిన వాల్వు రేడియోని తిన్నగా 230 వోల్టులకి తగిలిస్తే మొదట పోయేది ఎలక్ట్రోలైటిక్ కండెన్సరు. లోపలి రసాయనం ఎండిపోయి ఉంటుంది. అది షార్టయితే రెక్టిఫయర్ వాల్వుని కూడా వెంట తీసుకుపోతుంది. "పనిచేస్తోంది చూడండి" అని అమ్మేవాడు సంబరపడే ఆ అరనిమిషం ఖర్చు కొనేవాడి నెత్తిన పడుతుంది. అందుకని నా మొదటి షరతు, ఆన్ చేయకూడదు. అతనికి నా మీద అనుమానం వచ్చింది. పనిచేస్తుందో లేదో చూడనంటున్న మనిషి కొంటాడా అని.

ఫిబ్రవరి 3, శనివారం

ఊరి ధ్యాసంతా మధురవాడ స్టేడియం మీదే ఉంది. జైస్వాల్ డబుల్ సెంచరీ కొట్టాడని బస్సులో కండక్టరే చెప్పాడు. నేను మాత్రం సంచిలో స్క్రూడ్రైవరు, టార్చిలైటు, మీటరు వేసుకుని గాజువాక, సింధియా మీదుగా పాతబస్తీ చేరాను. దుకాణం అతను మొబైల్లో మ్యాచ్ చూసుకుంటూ "ఏటి విప్పుకుంటారో విప్పుకోండి" అని వదిలేశాడు. జైస్వాల్ చలవ.

వెనక కన్నాల అట్ట ఊడదీశాను. మొదట కనబడింది దుమ్ము. మామూలు ఇంటి దుమ్ము బూడిదరంగులో ఉంటుంది. ఇది నల్లగా, వేలికి నూనెలా అంటుకునే పొడి. దాని మీద అక్కడక్కడ ఇటుకరంగు చారలు. పాతబస్తీ గాలిలో ఏళ్ళుగా తిరుగుతున్న బొగ్గూ, ఇనుప ఖనిజమూ. వాల్వు గాజు మీద వేలితో రాస్తే ఆ నలుపు కింద వెండిరంగు మెరిసింది. వాల్వు లోపల గాలి చొరబడితే ఆ వెండి మచ్చ పాలలా తెల్లబడిపోతుంది. నాలుగింటికీ వెండి అలాగే ఉంది.

దుమ్ము కింద ఒక బల్లి ఎముకల గూడు, బొద్దింక గుడ్ల తిత్తులు. ఎలకలు రాలేదు, వచ్చి ఉంటే వైర్లు మిగిలేవి కావు. ఛాసిస్ అంచుల్లో తుప్పుంది గానీ పొక్కులెత్తిన తుప్పు కాదు. పైపైన గోధుమరంగు పొర, అంతే. సముద్రానికి ఇంత దగ్గర ఇంట్లో ఇది చాలా నయం. ఎవరో దీన్ని కిటికీ పక్కన పెట్టకుండా లోపలి గదిలో పెట్టారు.

వాల్వులు యూసీహెచ్81, యూబీఎఫ్89, యూసీఎల్82, యూవై85. మూడోదాని గాజు మీద బీఈఎల్ అని ఉంది. బెంగుళూరులో భారత్ ఎలక్ట్రానిక్స్ వాల్వులు చేయడం మొదలుపెట్టింది 1960ల మొదట్లో కాబట్టి, ఎప్పుడో ఒకసారి దీని మీద మెకానిక్ చెయ్యి పడిందన్నమాట. మంచి చెయ్యే. టంకం చిన్నగా, నునుపుగా ఉంది.

వాల్వు పేరులో మొదటి అక్షరం చాలు, సెట్టు జాతకం తెలిసిపోతుంది. 'ఈ' అయితే 6.3 వోల్టుల ఫిలమెంటు, అంటే మామూలుగా లోపల మెయిన్స్ ట్రాన్స్‌ఫార్మరు ఉంటుంది. 'డీ' అయితే బ్యాటరీ సెట్టు. కరెంటు రాని పల్లెల్లో 90 వోల్టుల పెద్ద బ్యాటరీతో పాడేవి. 'యూ' అయితే ఫిలమెంట్లన్నీ ఒకే వరసలో, 100 మిల్లీయాంపుల మీద. 19, 19, 50, 38 కలిపితే 126 వోల్టులు. మిగతా 104ని ఒక లావుపాటి రెసిస్టెన్సు మింగి వేడిగా వదిలేస్తుంది. పెళ్ళిపందిరి సీరియల్ లైట్లలా ఒకటి మాడితే అన్నీ ఆరిపోతాయి. కలకత్తాలాంటి చోట్ల చాలా ఏళ్ళు డీసీ కరెంటే ఉండేది. ట్రాన్స్‌ఫార్మరు డీసీ మీద పనిచేయదు. అందుకని ఏసీకీ డీసీకీ పనికొచ్చేలా ఈ రకం చేశారు. పైగా చవక.

మీటరు పెట్టాను. ఫిలమెంట్ల వరస తెగలేదు. స్పీకరు కాయిలూ, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరు రెండు చుట్లూ బాగున్నాయి. ముఖం ఏమీ మార్చకుండా అట్ట మళ్ళీ బిగించాను. దుకాణాల్లో ముఖమే బేరం చెడగొడుతుంది. ఆ టైముకి బుమ్రా కూడా వికెట్లు తీస్తున్నట్టున్నాడు, నా వైపు చూసిన వాళ్ళే లేరు.

ఫిబ్రవరి 4, ఆదివారం

ఇంట్లో చెప్పాను. మా ఆవిడ ధర అడగలేదు. "షాకు కొడుతుందా?" అంది.

స్టీల్ ప్లాంటులో ఇన్‌స్ట్రుమెంటేషన్ మనిషితో ఇన్నేళ్ళు కాపురం చేసినందుకు ఆ మాత్రం తెలుసు. యూ సెట్టులో మెయిన్స్‌కీ ఛాసిస్‌కీ మధ్య అడ్డేమీ ఉండదు. రెండు పిన్నుల ప్లగ్గు ఒకవైపు పెడితే ఛాసిస్ న్యూట్రల్, తిప్పి పెడితే ఫేజు. అందుకే నాబులు బేకలైటుతో చేసి, వాటి స్క్రూ కన్నాలని మైనంతో పూడ్చేవాళ్ళు. ఇప్పుడు నాబు లేనిచోట ఇనప కడ్డీ బయటికి పొడుచుకుని ఉంది. వేసవి సెలవులకి మనవడు వస్తాడు. చేతికందిన ప్రతిదాన్నీ తిప్పే వయసు.

"కొడుతుంది," అన్నాను.

"అయితే ఏ గదిలోనూ వద్దు."

ఒకటికి ఒకటి చుట్టిన ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మరు మధ్యలో పెడితే ఆ భయం పోతుందని చెప్పబోయాను. టీవీ సౌండు పెంచింది.

ఫిబ్రవరి 5, సోమవారం

106 పరుగుల తేడాతో గెలిచాం. బేరం మాత్రం అంగుళం కదల్లేదు. ఫోనులో ఐదు వేలన్నాను, నవ్వి పెట్టేశాడు.

ఫిబ్రవరి 7, బుధవారం

ఇవాళ కథ మొదలుపెట్టాడు. "ఇది జపానోడు బాంబులేసినప్పటి రేడియో సార్. ఆ వార్త ఇందులోనే ఇన్నారంట."

1942 ఏప్రిల్ 6 నాటి జపాను బాంబుల్ని ఈ ఊళ్ళో పాత వస్తువు దేనికైనా తగిలించేస్తారు. అదే దుకాణంలో ఉన్న గోడ గడియారం కూడా ఆరోజే ఆగిపోయిందట.

డయల్ అద్దం మీద టార్చి వేశాను. మీడియం వేవ్ వరసలో ఊళ్ళ పేర్లున్నాయి. ఢిల్లీ, కలకత్తా, మద్రాసు, హైదరాబాద్, విజయవాడ. విజయవాడ కేంద్రం మొదలైంది 1948 డిసెంబరు 1న. నిజాం నాటి దక్కన్ రేడియో ఆలిండియా రేడియోలో కలిసింది 1950లో. విశాఖపట్నం పేరు ఎక్కడా లేదు. మన కేంద్రం పుట్టింది 1963 ఆగస్టు 4న. వాల్వులేమో 1950ల రెండో సగానివి. కాబట్టి ఈ సెట్టు పుట్టుక అటు 1957, ఇటు 1963, ఆ మధ్యలోనే. "జపాను బాంబుల నాటికి ఈ వాల్వులు ఇంకా కనిపెట్టనేలేదు," అన్నాను. ఏమాత్రం తొణక్కుండా "అయితే చైనా యుద్ధం" అన్నాడు. 1962. దానికి నాకు అభ్యంతరం లేదు.

డయల్ అంకెలు మీటర్లలో ఉన్నాయి. విశాఖ కేంద్రం ఇప్పుడు 927 కిలోహెర్ట్‌జ్. మూడు లక్షల్ని 927తో భాగిస్తే 323.6 మీటర్లు. ముల్లు అక్కడ ఆగాలి. మిగతా ఊళ్ళ పేర్ల దగ్గర మాత్రం ఆ ఊళ్ళు దొరకవు, కాస్త అటో ఇటో ఉంటాయి. 1978 నవంబరు 23న మన దేశంతో సహా ఆసియాలో మీడియం వేవ్ స్టేషన్లని తొమ్మిదేసి కిలోహెర్ట్‌జ్ ఎడంతో సర్దారు. విశాఖ 927, విజయవాడ 837, హైదరాబాద్ 738, అన్నీ తొమ్మిదితో భాగమవుతాయి. పాత డయల్‌కి ఆ సంగతి తెలియదు. ఇది రేడియో తప్పు కాదు. అది తెలియక ముల్లుని ఊరి పేరు మీదికి తేవాలని కాయిళ్ళు తిప్పి, బాగున్న సెట్టుని చెడగొట్టేవాళ్ళున్నారు.

దుకాణం బోర్డు మీద యాంటిక్స్ అని రాసుకున్నాడు. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం ఆ హోదాకి మామూలుగా వందేళ్ళు నిండాలి. ఈ రేడియోకి ఇంకా ముప్పై ఏళ్ళ పైన టైముంది. ఏడు వేలకి ఆ బోర్డు కూడా ఒక కారణమని నా అనుమానం.

ఫిబ్రవరి 10, శనివారం

కంచరపాలెంలో పాత రేడియో మెకానిక్ ఒకాయన ఉన్నారని తెలిసి వెళ్ళాను. ఎనభై దాటాయి. షాపు ఎప్పుడో మూసేశారు. మనవరాలి రీఛార్జి బడ్డీ ముందు స్టూలు మీద కూర్చుని ఉంటారు. ఫోనులో తీసిన ఫొటోలు చూపించాను. కళ్ళకి ఆనించుకుని, వేళ్ళతో పెద్దది చేస్తూ, అరగంట చూశారు. పెట్టె బాగుందని గానీ, అందంగా ఉందని గానీ ఒక్క మాట లేదు.

"కర్ర పోతే వడ్రంగి సేస్తాడు. కండెన్సర్లు డాబాగార్డెన్స్‌లో కొనుక్కో. వాల్వు పోతే మద్రాసు రిచీ స్ట్రీటులో అడుగు. మళ్ళీ దొరకనియి మూడే బాబూ. డయలద్దం, ఐఎఫ్ కాయిళ్ళు, బ్యాండు స్విచ్చి. ఆ మూడూ ఉంటే రేడియో ఉన్నట్టు. లేపోతే పెట్టి ఉన్నట్టు."

నేను ఇన్నాళ్ళూ చూసింది తుప్పు, గుడ్డ, నాబు. ఆయన ఫొటోలో వెతికింది ఆ ఐఎఫ్ కాయిళ్ళుండే డబ్బాల నెత్తిన ఉన్న చిన్న రంగు చుక్కని. ఫ్యాక్టరీలో 452 కిలోహెర్ట్‌జ్ దగ్గర కాయిలు కుదిరాక, కోరు కదలకుండా దాని మీద ఒక చుక్క వేసి వదిలేస్తారు. ఆ చుక్క పగిలి ఉంటే ఎవరో స్క్రూడ్రైవరు పెట్టి తిప్పారన్నమాట. చుక్క పగల్లేదు. "ఎవుడూ కెలకలేదు," అన్నారు. ఆయన నోట అంతకు మించిన మెప్పుదల ఉండదనుకుంటాను.

ఇంకో మాట చెప్పారు. యూసీఎల్ గ్రిడ్డుకి పోయే 0.01 కండెన్సరుని మొదట పీకి అవతల పారేయమన్నారు. పాత కాగితపు కండెన్సరు చెమ్మ పీల్చి లీకవుతుంది. గ్రిడ్డు మీద ఉండకూడని వోల్టేజి చేరి, వాల్వు అదుపు తప్పి కరెంటు లాగి ఎర్రబడుతుంది. పది రూపాయల ముక్క వెయ్యి రూపాయల వాల్వుని తినేస్తుంది. ఇది కొన్నాక సంగతి అన్నాను. "కొననోడివి ఇంత దూరం వత్తావేటి?" అన్నారు.

చేతులు వణుకుతున్నాయట, టంకం పెట్టలేనన్నారు. "టంకం నువ్వెట్టు, మాట నాను సెప్తాను."

ఫిబ్రవరి 13, మంగళవారం

ప్రపంచ రేడియో దినోత్సవమని పొద్దున్నించీ ఫోనులో పువ్వుల బొమ్మలు. పంపినవాళ్ళలో ఇంట్లో రేడియో ఉన్నవాడు ఒక్కడూ లేడు.

కొంటే అందులో వినడానికి ఏముంది? రాత్రి పదింటికి డాబా మీద చిన్న ట్రాన్సిస్టరు పెట్టుకుని షార్ట్ వేవ్ అంతా గాలించాను. ఒకప్పుడు ఈ బ్యాండు సంత. మీనాక్షి పొన్నుదురై గొంతు కోసం సిలోన్ పట్టుకునేవాళ్ళం. కొలంబోలో కూర్చుని ఆవిడ తెలుగులో ఉత్తరాలు చదివి, పాటలు వేసేవారు. క్రికెట్ కోసం రేడియో ఆస్ట్రేలియా. అది షార్ట్ వేవ్ మానేసింది 2017 జనవరి 31న. బీబీసీ హిందీ 2020 జనవరి 31న మానేసింది. ఇవాళ దొరికినవాటిలో గట్టిగా, స్పష్టంగా ఉన్నది చైనా.

మిగతాదంతా గరగర. ఇది ఆకాశం తప్పు కాదు, మా ఇంటిదే. కిందికి దిగి ఎల్ఈడీ బల్బులు ఒక్కొక్కటీ ఆపాను. రెండో పడగ్గది బల్బు ఆర్పగానే సగం గోల పోయింది. ఫోను ఛార్జరు తీస్తే ఇంకొంత. చివరికి మెయిన్ ఆపేస్తే చక్కగా నిశ్శబ్దం, అందులో సన్నగా ఏవో భాషలు. అయితే ట్రాన్సిస్టరుకి బ్యాటరీ ఉంది. వాల్వు రేడియో వినాలంటే మెయిన్ ఆపకూడదు. 2014లో హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు ఊళ్ళో రోజుల తరబడి కరెంటూ ఫోనూ లేకపోతే ఆదుకున్నవి ఈ చిన్న సెట్లే. పెద్ద సెట్టు అప్పుడు బల్ల మీద అలంకారం.

మీడియం వేవ్‌కీ ఈ బెడద తప్పదు గానీ, దగ్గరి స్టేషనుకి అది అడ్డు రాదు. 927 మాత్రం గోడ పక్కనుంచి మాట్లాడినట్టే ఉంది.

కాబట్టి నేను కొనబోయేది ఒక్క స్టేషనుకి సరిపడే రేడియో. ఈ లెక్క ఎవరికీ చెప్పలేదు.

ఫిబ్రవరి 16, శుక్రవారం

రథసప్తమి. తల మీద జిల్లేడాకులు, చిక్కుడాకులో పాయసం. రేడియో ఊసు లేదు.

ఫిబ్రవరి 18, ఆదివారం

సెట్టు అసలు సొంతదారుల్ని చూడాలని పట్టుబట్టాను. దుకాణం అతను కమిషన్ పోతుందని మొదట ఒప్పుకోలేదు, తర్వాత తనే వెంట వచ్చాడు. సోల్జర్‌పేటలో మంగుళూరు పెంకుల ఇల్లు. ఇల్లు బిల్డరుకి ఇచ్చేస్తున్నారు. ఒక పెద్దావిడ, ఆవిడ కోడలు. "మా మామగారు పోర్టులో చేసేవారు బాబూ," అంటూ ఆవిడ రేకుపెట్టెలోంచి చిన్న పుస్తకం తీసింది.

రేడియో లైసెన్సు పుస్తకం! దాన్ని చూసి ఎన్నాళ్ళయిందో. ఏటేటా పోస్టాఫీసుకి వెళ్ళి పదిహేను రూపాయలు కట్టి ముద్ర వేయించుకోవాలి. లేకపోతే ఇన్‌స్పెక్టరు ఇంటికి వచ్చేవాడు. 1980లలో ఎత్తేసేదాకా రేడియో ఉన్న ప్రతి ఇల్లూ కట్టింది. ముద్రలు గుండ్రంగా, ఊదారంగులో, ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉన్నాయి. మొదటిది 1961. చివరిది 1976. ఆ తర్వాత సెట్టే మూగబోయిందా, ఇంట్లోకి ట్రాన్సిస్టరు వచ్చిందా, ఆవిడకి గుర్తులేదు.

గుర్తున్నది వేరే. "ఉక్కు ఫ్యాక్టరీ ఇచ్చారని ఇందిరాగాంధీ చెప్పిన రోజు, వీధిలో వాళ్ళంతా మా అరుగు మీదే." 1970 ఏప్రిల్ 17. అంతకు నాలుగేళ్ళ ముందు విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కని ఊళ్ళు అట్టుడికాయి, కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. జపాను బాంబుల కథకి నేను పైసా ఇవ్వలేదు. దీనికి పుస్తకంలో 1970 ముద్ర ఉంది. నా జీతం, నా పింఛను, నా ఇల్లు, అన్నీ ఆ ప్రకటన పుణ్యమే. వచ్చేటప్పుడు కూర్మన్నపాలెం కూడలిలో ఉక్కు పరిరక్షణ శిబిరం పక్కనుంచే బస్సు వెళ్ళింది. ప్లాంటు అమ్మొద్దని రిలే దీక్షలు మొదలై మూడేళ్ళు దాటింది.

దుకాణం అతను దారి పొడుగునా ఏమీ మాట్లాడలేదు. అది మంచి సూచన కాదు.

ఫిబ్రవరి 21, బుధవారం

నిన్న ముంబైలో అమీన్ సయానీ పోయారు. తొంభై ఒకటి. రేడియో సిలోన్‌లో బినాకా గీత్‌మాలా మొదలుపెట్టింది 1952లో. ఆ రోజుల్లో సమాచార శాఖ మంత్రి బి.వి. కేస్కర్‌కి సినిమా పాటలు గిట్టవు, ఆకాశవాణిలో అవి కరువైపోయాయి. దేశమంతా ముల్లుని కొలంబో వైపు తిప్పుకుంది. 1957లో వివిధభారతి పెట్టాకే పాటలు మళ్ళీ ఇంటికొచ్చాయి. మన దగ్గర అమ్మిన సెట్లలో షార్ట్ వేవ్ బ్యాండ్లకి అంత గిరాకీ ఎందుకుండేదో ఇందులోనే ఉంది. ఈ సెట్టులోనూ మీడియం వేవ్ ఒకటైతే షార్ట్ వేవ్ రెండు.

మధ్యాహ్నం ఫోను. "సార్, రేడియో ఆయన పోయాడని టీవీలో ఒకటే సెప్తన్నారు. రేటు తొమ్మిదండి."

ఫిబ్రవరి 22, గురువారం

నౌకాదళం మిలన్ విన్యాసాలు. ఏయే దేశాల నౌకలో హార్బరులో. సాయంత్రం బీచ్ రోడ్డులో కవాతు, దారులన్నీ మూసేశారు. దుకాణానికి వెళ్ళలేకపోయాను. ఈలోగా తొమ్మిది వేలకి ఇంకొకరు సరే అన్నారట. బీచ్ రోడ్డులో కాఫీ షాపు తెరుస్తున్న కుర్రాడు. లోపల సామాను అతనికి అక్కర్లేదు. పెట్టె తోమి వార్నిష్ కొట్టి, బ్లూటూత్ స్పీకరు పెట్టి, వెనక నుంచి పసుపు బల్బు వేస్తాడు.

కోపం రావాల్సిన విషయమో కాదో తేల్చుకోలేకపోతున్నాను. అతను తొమ్మిది వేలు ఇస్తున్నాడు, నేను ఐదు దగ్గర ఉన్నాను. కానీ బ్యాండు స్విచ్చీ, ఐఎఫ్ డబ్బాలూ తుక్కులోకి వెళితే వాటి బరువు అరకిలో కూడా తూగదు.

ఫిబ్రవరి 25, ఆదివారం

కంచరపాలెం. సంగతంతా చెప్పాను. ముసలాయన చిటికెలో తేల్చేశారు. "పెట్టి ఆడికిచ్చీ. ఛాసిస్ నువ్వట్టుకుపో. ఇద్దరూ సెరిసగం."

ఇంటికొచ్చి చెబితే మా ఆవిడకి తెగ నచ్చింది. పెట్టె ఉండదు, ఛాసిస్ పనిగదిలో ఉంటుంది, తలుపుకి గడియ ఉంది. నాకూ నచ్చింది. ఖర్చు సగం. పాడేది ఛాసిసే కదా, కర్ర కాదు.

మార్చి 2, శనివారం

ముగ్గురం దుకాణంలో కలిశాం. కాఫీ షాపు అబ్బాయి మర్యాదస్తుడు. "అంకుల్, లోపలిదంతా మీరే తీసుకోండి, ఒక్క రూపాయి కూడా వద్దు," అన్నాడు. ఎంత సంతోషించానో చెప్పలేను. స్క్రూడ్రైవరు తీసి ఛాసిస్ అడుగు బోల్టులు నాలుగూ వదులు చేశాను. డయల్ అద్దం ఛాసిస్‌కే రెండు రేకు చేతులతో బిగించి ఉంది. దాంతోపాటు బయటికి వస్తోంది.

"అంకుల్, అద్దం మాత్రం నాకు కావాలి," అన్నాడు.

అతని వైపు నుంచి అది న్యాయమే. ఊళ్ళ పేర్లతో ఉన్న ఆ అద్దం లేకపోతే అతని పెట్టెకి ముఖం లేదు. నా వైపు నుంచి, అది లేకపోతే ముల్లు ఎక్కడ ఆగిందో తెలియదు. అద్దం అచ్చు వేయించుకుంటే సరిపోతుంది కదా అన్నాను, స్టిక్కరు అతికించుకోవచ్చు. "అదే మీరూ చేయించుకోవచ్చు కదా?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. నిజానికి స్టిక్కరుతో నా పని జరుగుతుంది. 323.6 దగ్గర ఒక గీత గీసుకుంటే చాలు, నేను వినబోయేది ఆ ఒక్క స్టేషనే. అయినా ఆ అద్దాన్ని అతనికి ఇవ్వడానికి చెయ్యి రాలేదు. విజయవాడ ఉండి విశాఖపట్నం లేని ఆ వరసే కదా దీని పుట్టిన తేదీ. అది కాఫీ షాపులో వేలాడుతూ, మిగతాది నా బల్ల మీద ఉంటే, రెండింట్లో దేన్ని రేడియో అనాలి?

బోల్టులు మళ్ళీ బిగించేశాను. వారం టైము అడిగాను.

మార్చి 5, మంగళవారం

సెట్టుని మొదటిసారి ఆన్ చేసేటప్పుడు సిరీస్‌లో పెట్టడానికి 60 వాట్ల ఫిలమెంటు బల్బు కోసం గాజువాకంతా తిరిగాను. ఎల్ఈడీ దీనికి పనికిరాదు. సెట్టు లోపల షార్టుంటే, బల్బు వెలిగి ఆ కరెంటుని తను మోయాలి. అందరూ అవి రావట్లేదన్నారు. చివరికి ఒక హార్డ్‌వేర్ షాపులో అటక మీంచి దించాడు. కోడిపిల్లలకి వెచ్చదనం కోసం ఫారాలవాళ్ళు అడుగుతారని ఉంచాడట. రెండు కొన్నాను.

ఇంకా రేడియో కొనకుండానే బల్బులు కొన్నానని మా ఆవిడ ఫోనులో కూతురికి చెప్పింది. వినిపించేలాగే చెప్పింది.

మార్చి 8, శుక్రవారం

శివరాత్రి. జాగారానికి కూర్చుని లెక్క వేశాను. సెట్టు తొమ్మిది వేలు. కండెన్సర్లు మొత్తం మారిస్తే ఆరేడు వందలు. లావు రెసిస్టెన్సు, మెయిన్స్ వైరు, ప్లగ్గు, మూడు వందలు. వాల్వుల్లో ఒకటైనా పోతుందనుకుంటే వెయ్యి. నాబులు రెండూ దొరికినప్పుడు దొరుకుతాయి, అందాకా బేకలైటు ముక్క కోసి తొడుగుతాను. ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మరు రెండు వేలు. గుడ్డ మార్చను. కర్రకి పాలిష్ చేయించను, తడిగుడ్డతో ఆ బొగ్గు తుడిస్తే చాలు. మొత్తం పదమూడు వేలు.

పదమూడు వేలకి ఒక్క స్టేషను. అదే స్టేషను ఫోనులో ఊరికే వస్తుంది.

రెండోవైపు రాసుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. దొరకని మూడూ ఉన్నాయి. ఎవరూ కెలకలేదు. చెప్పేవాడు ఎనభై దాటి ఉన్నాడు. ఈ మూడు విషయాలూ ఒకేసారి కలవడం మళ్ళీ జరగదు, ముఖ్యంగా ఆ చివరిది. తెల్లారేసరికి వీటిని రూపాయల్లోకి మార్చే పని మానేశాను.

మార్చి 11, సోమవారం

ఎనిమిదిన్నరకి ఇచ్చాడు. కాఫీ షాపు అబ్బాయికి అదే దుకాణంలో మర్ఫీ సెట్టు ఒకటి చూపించాను. లోపల ఉత్త రేకు తప్ప ఏమీ లేదు, డయల్ అద్దం మాత్రం పగుల్లేకుండా ఉంది. అతను నాకు థాంక్స్ చెప్పాడు. లైసెన్సు పుస్తకం పెద్దావిడ తనే పంపించింది, దానికి దుకాణం అతను విడిగా రెండు వందలు అడిగాడు. ఇచ్చాను.

ఆటోలో ఒళ్ళో పెట్టుకుని తెచ్చాను. ఇంటికి రాగానే మొదట ప్లగ్గు కత్తిరించేశాను, మనవడి సంగతి అటుంచి నాకే ఆత్రం ఆగక పెట్టేస్తానని. అందాకా బాల్కనీలో ఉండాలని ఇంట్లో తీర్పు. సముద్రం గాలి పడకూడదని నేను. పనిగదిలో, గడియ వేసి, అన్నదగ్గర రాజీపడ్డాం.

సాయంత్రం డాబాగార్డెన్స్‌లో ట్రాన్స్‌ఫార్మర్లు చుట్టే షాపుకి వెళ్ళాను. ఇన్వర్టర్లు, స్టెబిలైజర్లు గుట్టగా ఉన్నాయి. వంద వాట్లకి చుట్టాలి, రెండు చుట్లూ వేరువేరుగా, మధ్యలో ఇన్సులేషన్ కాగితం మందంగా వేయాలి అని చెప్పాను. కుర్రాడు కాగితం మీద రాసుకున్నాడు.

"లోపలికి ఎంత సార్?"

"230."

"బయటికి?"

"230."

పెన్ను ఆపి నా మొహంలోకి చూశాడు. మళ్ళీ అడిగాడు. మళ్ళీ అదే చెప్పాను.

"లోపలికెంతో బయటికీ అంతే అయితే, తిన్నగా గోడకే పెట్టుకోవచ్చు కదండీ?"

ఐదు వందలు అడ్వాన్సు తీసుకుని శుక్రవారం రమ్మన్నాడు.